రెండు లాగితే వదులు

రెండువేల ఇరవై రెండు, రోహిణి కార్తె. శ్రీకాకుళం శివార్లలో టీచర్స్ కాలనీ మలుపులో ఒక నిద్రగన్నేరు చెట్టు ఉంది. పొద్దున్న తొమ్మిది గంటలకి ఆ చెట్టు కింద కూర్మయ్య తన తాడు చుట్ట విప్పి నేల మీద పరిచాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా పోగు తెగలేదు.

కూర్మయ్యకి అరవై రెండేళ్లు. రోడ్ల పక్క చెట్లకి కొమ్మలు తీయడం ఆయన పని. చెట్లు నరికేవాళ్లు వేరు, కొమ్మలు తీసేవాళ్లు వేరు అని ఎవరితోనైనా తగువుకి దిగుతాడు. కరెంటు తీగ మీదికి వచ్చిన కొమ్మ, ఇంటి మీదికి ఒరిగిన కొమ్మ, ఎండిపోయి ఎవరి నెత్తిన పడదామా అని వేలాడే కొమ్మ, వీటిలో దేన్ని ఎక్కడి వరకు తీయాలో కింద నిలబడి చూసి చెప్పేస్తాడు. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉన్నచోటికి కాస్త ఇవతల కోస్తే చెట్టు ఆ గాయాన్ని తానే మూసుకుంటుంది. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం మందు పూయాలి. పూయకుండా వదిలేస్తే వాన నీళ్లు దిగి, లోపల కుళ్లి, కొమ్మ డొల్లైపోతుంది.

ఒకప్పుడు ఆయనే ఎక్కేవాడు. మోకాళ్లు పోయాక కింద తాడు పట్టడం మొదలుపెట్టాడు. ఎక్కిన మనిషి నడుముకి కట్టిన తాడు పైన గట్టి పంగ మీదుగా కిందికి వస్తుంది. కిందివాడు దాన్ని చెట్టు మొదలుకి ఒక చుట్టు చుట్టి చేతిలో పట్టుకుంటాడు. పైవాడి ప్రాణం కిందివాడి గుప్పిట్లో ఉంటుంది.

రంపం మోతలో, బళ్ల రొదలో పైవాడు ఏమంటున్నాడో కిందికి సరిగా వినపడదు. అందుకని కూర్మయ్య తన జట్టుకి ఒక కట్టుబాటు పెట్టాడు. తాడు ఒకసారి లాగితే బిగించు. రెండుసార్లు లాగితే వదులు. మూడుసార్లు లాగితే పనైపోయింది, దిగుతున్నాను. నోటితో ఏం అరిచినా లెక్కలోకి రాదు. తాడు చెప్పిందే మాట.

ఆ కట్టుబాటు మీదే మూడున్నరేళ్ల కిందట ఈ చెట్టు దగ్గరే ధర్మేంద్ర పోయాడు.

ధర్మేంద్ర కూర్మయ్య భార్య తవిటమ్మకి తమ్ముడు. తిత్లీ తుపాను వెళ్లిన వారం, విరిగిన కొమ్మలు తీయడానికి ఈ చెట్టెక్కాడు. మిట్ట మధ్యాహ్నం, ఒక పెద్ద కొమ్మని సగం కోసి, ఒళ్లంతా తాడు మీద ఆన్చి వెనక్కి వాలి ఉన్నాడు. తాడు రెండుసార్లు లాగింది. కూర్మయ్య వదిలాడు. ధర్మేంద్ర గాలిలో ఊగి వచ్చాడు. తల చెట్టు బోదెకి కొట్టుకుంది. అంతే.

"తాడు రెండుసార్లు లాగినాడు. అందుకే ఒదిలేను." అప్పటి నుంచి కూర్మయ్య చెప్పేది ఆ ఒక్క మాటే. జట్టులో సగంమంది నమ్మలేదు. తాడు మీద వాలి ఉన్నవాడు వదలమని ఎందుకు లాగుతాడు? మనిషిని పడేసిన తాడుని ముక్కలు చేసి నాగావళిలో కలిపెయ్యాలని తవిటమ్మ కాళ్లా వేళ్లా పడింది. ఆ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేది అదే. కూర్మయ్య మాత్రం ససేమిరా అన్నాడు.

"తాడు తప్పు సేయనేదు. నానూ తప్పు సేయనేదు. కలిపేస్తే సేసినట్టు ఒప్పుకున్నట్టు కాదేటి?"

అదే తాడు ఇప్పుడు నేల మీద పరిచి ఉంది.

ఇవాళ ఎక్కేవాడు గోపి. కూర్మయ్యకి అక్క కొడుకు, కూతురు రేఖకి మొగుడు. పెళ్లై ఏడాదిన్నర. పొద్దున్న బయల్దేరేటప్పుడు రేఖ గుమ్మంలో నిలబడి తండ్రితో ఒక మాట అంది. "నానా, తాడు నీ సేతిలో ఉన్నాదని పంపుతున్నాను. మరొకరి సేతిలో ఉంటే ఆ సెట్టు కాడికి పంపను."

"ఏటి మావా, పామునేటి అలగ తడుముతున్నావు?" అన్నాడు గోపి, నడుముకి పట్టీ బిగించుకుంటూ.

"నీ పెళ్లి కంటే పాతదిరా ఇది. దీనికున్నంత ఓపిక నీకుంటే బాగుపడుదువు."

"ఓపిక మీ అమ్మాయి దగ్గిర నేర్సుకుంటన్నాను గదా. సాయంత్రం పనసకాయ తెమ్మంది. తొరగా దించెయ్యి."

కంట్రాక్టరు మనిషి గణపతిరావు ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెట్టు పక్క నుంచి కరెంటు తీగలు పోతున్నాయి. పదింటి నుంచి రెండింటి దాకా లైను ఆపుతారు. పని ఈలోపే కావాలి. పది అయింది, లైను ఆపేశారు. కానీ చెట్టు కింద ఎవరిదో కారు నిలిపి ఉంది. దాని మనిషి ఎక్కడున్నాడో కాలనీలో ఎవరికీ తెలియదు. ఇంటింటికీ తలుపు కొట్టి అడిగారు. ఆ మనిషి బజారు నుంచి వచ్చి, సంచీ లోపల పెట్టి, తాళం వెతుక్కుని, కారు తీసేసరికి పదకొండుంపావు.

చెట్టు ఎదురింట్లో కుసుమకుమారి అని ఒక పెద్దావిడ ఉంటుంది. సంగీతం పాఠాలు చెప్పి రిటైరయింది. మజ్జిగ చెంబుతో బయటికి వచ్చి, అందరికీ పోసి, కూర్మయ్యని పక్కకి పిలిచింది.

"పన్నెండున్నర లోపు ఆ అబ్బాయిని దింపేస్తావా?"

"రెండు దాకా టైమున్నాదమ్మా."

ఆవిడ చెట్టు వైపు చూడకుండా మాట్లాడింది. "ఈ చెట్టు ఆకు సాయంత్రం దీపాల వేళకి ముడుచుకుంటుంది. మబ్బు పట్టినా ముడుచుకుంటుంది. నీకు తెలియనిదేముంది. కానీ ఆ తుపాను ఏడాది నుంచీ చూస్తున్నాను. నడినెత్తిన ఎండ ఉండగా, పన్నెండున్నరకి, ఉన్నట్టుండి ముడుచుకుంటుంది. పది నిమిషాలు. మళ్లీ విచ్చుకుంటుంది. ఆ పది నిమిషాలూ పిట్ట కూడా వాలదు. నేను తలుపు వేసేసుకుంటాను."

కూర్మయ్య మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. ధర్మేంద్ర పడినప్పుడు టైము ఎంతయిందో ఆయనకి తెలుసు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

"ఎండ దెబ్బకమ్మా," అన్నాడు. "సెట్టుకి మాత్రం ఎండ కొట్టదేటి?"

గోపి ఎక్కాడు. మొదటి గంట పని చక్కగా సాగింది. తీగల వైపు కొమ్మలు రెండింటికి తాళ్లు కట్టి, కోసి, మెల్లగా దించాడు. కొమ్మ దిగినప్పుడల్లా పండిన కాయల తియ్యటి జిగురు వాసన వచ్చేది. తాడు కూర్మయ్య అరచేతిలో బతికున్నదానిలా మాట్లాడుతూనే ఉంది. ఒకటి. బిగించాడు. రెండు. వదిలాడు.

పన్నెండు దాటింది. ఇక మిగిలింది ఒక్కటే, పైనున్న పాత మోడు. ధర్మేంద్ర సగం కోసి వదిలిన కొమ్మ అది. అతను పోయిన నెలకి తన బరువుకి తానే చీలి కింద పడింది. చీలిన మొండి అలాగే ఉండిపోయింది. ఎవరూ ఎక్కి సరిచేయలేదు, మందు పూయలేదు.

"దింపేద్దామా?" అన్నాడు గణపతిరావు, మెడ తుడుచుకుంటూ. "ఆ మోడు ఇంకోసారి చూసుకోవచ్చు."

కూర్మయ్య చేతిలో తాడు ఉంది. కింది నుంచి తానే మూడుసార్లు లాగి రమ్మంటే గోపి దిగేవాడు. పెద్దావిడ మాట గుర్తుంది. రేఖ మాటా గుర్తుంది. కానీ ఆ మోడు మూడున్నరేళ్లుగా ఆయన్ని చూసి నవ్వుతున్నట్టే ఉంది. దాన్ని శుభ్రంగా కోసి, మందు పూసి, ఇదే తాడుతో మనిషిని క్షేమంగా దింపితే ఇంకెవడూ నోరెత్తడు.

"సగం పని ఈ సెట్టు మీద ఒక్కపాలే ఒదిలేను," అన్నాడు. "మరి ఒదల్ను."

గోపి మోడు వైపు పాకాడు.

కాలనీలో మనిషి అలికిడి లేదు. ఒక కాకి గోడ నీడలో నోరు తెరుచుకుని కూర్చుంది. కరెంటు లేదు కాబట్టి అవతల కల్యాణమండపంలో జనరేటరు వేశారు. దాని మోతకి పక్క మనిషి మాట కూడా వినపడటం లేదు. కుసుమకుమారి ఇంటి తలుపు మూసుకోవడం కూర్మయ్య చూశాడు. చప్పుడు మాత్రం వినపడలేదు.

ముందు వాసన వచ్చింది.

లవంగం.

చెట్టు మీద చుట్ట కాల్చడం కుదరదు కాబట్టి ధర్మేంద్ర బుగ్గన లవంగం పెట్టుకుని ఎక్కేవాడు. అతను కొరికిన లవంగం ఘాటు తాడంతా పట్టేది. ఇన్నేళ్లలో ఎన్ని వానలకి తడిసిన తాడు, ఎన్ని ఎండలకి ఎండిన తాడు... కూర్మయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. తాడుకి లేదు ఆ వాసన. పైనుంచి దిగుతోంది.

తరవాత నీడ కదిలింది.

గాలి లేదు. ఒక్క రెమ్మ ఊగడం లేదు. కానీ కాళ్ల దగ్గర నేల మీద నీడలో చిన్న చిల్లు పడింది. దాని పక్కన ఇంకోటి. అవి పది అయ్యాయి, వంద అయ్యాయి. చూస్తుండగానే అంత దట్టమైన నీడ చిరిగిన వలలా అయిపోయింది. ఆకులు ముడుచుకుంటున్నాయి. జంటలు జంటలుగా, అరచేతులు మూసినట్టు, మొదటి కొమ్మ నుంచి చివరి కొమ్మ దాకా... చప్పుడు లేకుండా.

కూర్మయ్య తలెత్తాడు. అడ్డు తొలగిన ఎండ కత్తిలా కళ్లలో దిగింది. ఏమీ కనపడలేదు. తెల్లగా మంట, అంతే.

అప్పుడు తాడు లాగింది.

ఒకటి... రెండు.

చెయ్యి వదలబోయింది. ఏళ్ల తరబడి అలవాటు అది. వేళ్లు సగం విచ్చుకున్నాయి.

"వదలకు బావా..."

చెవి పక్కనే. గుసగుసగా.

జనరేటరు మోత అలాగే ఉంది. అంత మోతలో అంత మెల్లగా అన్న మాట ఎలా వినపడిందని ఆయన ఆలోచించలేదు. ఆ మాట ఆయనకి కొత్త కాదు.

కూర్మయ్య ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు తాడు రెండుసార్లు లాగిన మాట నిజం. లాగిన వెంటనే పైనుంచి ధర్మేంద్ర "వదలకు బావా" అని గొంతు చించుకుని అరిచిన మాట కూడా నిజం. ఆయన విన్నాడు. విని కూడా వదిలాడు. నోటి మాట లెక్కలోకి రాదు. తాడు చెప్పిందే మాట. కట్టుబాటు పెట్టినవాడు తానే.

మూడున్నరేళ్లు ఆ అరుపుతో నిద్రపోయాడు, ఆ అరుపుతో లేచాడు.

"ఈపాలి ఒదల్ను," అన్నాడు పళ్ల మధ్య నుంచి. "ఈపాలి ఒదల్నురా."

తాడుని చెట్టు మొదలుకి ఇంకో చుట్టు చుట్టాడు. మడమలు నేలకి తన్ని పెట్టాడు. ఒళ్లంతా వెనక్కి వేసి బిగించాడు.

ఒకటి. రెండు.

"వదలకు బావా..."

ఒకటి. రెండు. ఈసారి గట్టిగా. తాడు అరచేతిలో చర్మం లేపుకుపోయింది.

"వదలకు..."

ఒకటిరెండు. ఒకటిరెండు. లెక్క లేకుండా, ఆగకుండా, వలలో పడ్డ చేప కొట్టుకున్నట్టు. కూర్మయ్య కళ్లు మూసుకున్నాడు. లవంగం వాసన ఊపిరాడనివ్వడం లేదు. చెవిలో ఆ గొంతు ఇప్పుడు బతిమాలడం లేదు. మెల్లగా, తీరుబడిగా, పసిపిల్లని జోకొట్టినట్టు అంటోంది. వదలకు... వదలకు... ఆయన బిగిస్తున్నాడు.

లాగడం నెమ్మదించింది.

ఒకటి...

చాలాసేపటికి... రెండు.

తరవాత తాడు ఊరుకుంది. బరువుగా, నిటారుగా.

గణపతిరావు వచ్చి ఆయన భుజాల మీద పడ్డాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "దించవయ్యా! దించు! కందిరీగలు! నీకేటి పిచ్చా? నాలుగు నిమిషాల నించి అరుస్తన్నాను!"

కూర్మయ్య కళ్లు తెరిచాడు. నీడ మళ్లీ దట్టంగా ఉంది. ఆకులు విచ్చుకుని ఉన్నాయి. పైన మోడు డొల్లలోంచి గోధుమరంగు పొగలా ఏదో లేచి తిరుగుతోంది. దాని మధ్యలో గోపి తాడుకి వేలాడుతున్నాడు.

దించాడు. చేతులు రక్తం కారుతున్నా ఒక్క జానెడు కూడా జారనివ్వకుండా దించాడు. గోపి మొహం మొహంలా లేదు. కళ్లు వాపులో పూడుకుపోయాయి. కందిరీగలు నోట్లోకి పోకుండా తన తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. పళ్లు దాని మీద బిగుసుకుపోయి ఉన్నాయి. కూర్మయ్యే వేళ్లు పెట్టి దవడ విడదీసి, తడిసి ముద్దైన తువ్వాలు బయటికి లాగాడు.

చేతిలోని ఆ తువ్వాలు వైపు చూశాడు.

నోట్లో గుడ్డ ఉన్నవాడు ఎలా అరుస్తాడు? అదీగాక, గోపి ఆయన్ని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మావా అంటాడు. ఈ భూమ్మీద ఆయన్ని బావా అని పిలిచినవాడు ఒక్కడే.

గోపిని శ్రీకాకుళంలో చూపించి, రాత్రికి విశాఖపట్నం తీసుకెళ్లారు. రెండో రోజు అతనికి తెలివి వచ్చింది. రేఖ మంచినీళ్లకి వెళ్లినప్పుడు కూర్మయ్య మంచం పక్కన కూర్చున్నాడు. గోపి వాపెక్కిన పెదాలు కదిపాడు.

"దించమని... లాగినాను మావా."

"లాగినావురా. నాకు తెలిసింది."

"నువ్వు ఇన్నది... నానూ ఇన్నాను."

కూర్మయ్య దగ్గరికి వంగాడు. "ఏటి ఇన్నావు?"

"నా ఎనకాలే... మోడు మీద కూకున్నాడు. నా భుజం మీంచి కిందికి సూసి... నీతోటి మాటాడుతున్నాడు." గోపి కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నవ్వుతున్నాడు మావా."



ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో తవిటమ్మ దగ్గర కూర్చుని కూర్మయ్య మొత్తం చెప్పేశాడు. ధర్మేంద్ర అరిచిన అరుపు కూడా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే ఆ దినం నా తమ్ముడు ఒదలొద్దనే అన్నాడు."

"అన్నాడు."

"నువ్వు ఇన్నావు."

"ఇన్నాను."

"తాడు మట్టుకు రెండుసార్లు లాగింది. అది అబద్దం కాదు గదా?"

"నీ మీదొట్టు. అబద్దం కాదు."

తవిటమ్మ మెల్లగా తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

"ఒదలొద్దని అరిసినోడు తాడెందుకు లాగుతాడు? మరి ఆ దినం లాగిందెవులు?"



మూడో రోజు గణపతిరావు చెట్టు కింద ఉండిపోయిన సంచీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. గోపిని చూసి, రేఖకి రెండు ముక్కలు ఓదార్పు చెప్పి, కూర్మయ్య పక్కన కూలబడ్డాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాడు.

"నిన్న సాయంత్రం నిచ్చెన బండి తెప్పించి మనుషుల్ని పైకి పంపించాను. కందిరీగల తుట్టె తీసేశారు. ఆ మోడు నున్నగా కోసేసి ఉందట. నీలం మందు కూడా పూసేసి ఉందన్నారు. చెయ్యి ముంచి పూసినట్టు వేళ్ల అచ్చులు కనపడుతున్నాయట. పాపం, అంత బాధలోనూ గోపి పని మాత్రం పూర్తి చేశాడయ్యా."

కూర్మయ్య సంచీ విప్పాడు. మందు డబ్బా పైకి తీశాడు. పనికి బయల్దేరిన రోజు పొద్దున్నే తవిటమ్మ దాని మూతికి గుడ్డ వేసి, కొబ్బరి పీచు తాడుతో రెండు ముళ్లు వేసి కట్టిన డబ్బా అది. కోతలన్నీ అయ్యాక ఒకేసారి పూయడానికి తాడు కట్టి పైకి పంపుదామని కిందే ఉంచారు.

రెండు ముళ్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

గోపి నాలుగో రోజు తెల్లవారుజామున పోయాడు. కందిరీగల విషానికి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చారు. వయసు ఇరవై ఆరు.